ఖరీదు ఎగ్గొట్టిన ముక్కలు

రమ్మీలో పేక అందరిదీ ఒకటే. ఒకరు కలుపుతారు, ఒకరు పంచుతారు, పదమూడు ముక్కలూ చేతికొచ్చాక గానీ మన ఆట మొదలు కాదు. ముక్క పడకపోతే డ్రాప్ చెప్పి టీ తాగొచ్చు. మ్యాజిక్ ది గ్యాదరింగ్ ఆడేవాడికి ఆ వెసులుబాటు లేదు. తన పేక తానే ఇంటి దగ్గర కట్టుకుని వస్తాడు. ఏ ముక్క ఎన్ని పెట్టాలి, ఏది మనసు చంపుకుని తీసేయాలి అన్న తర్జనభర్జన ముందురోజు రాత్రికే ముగిసి ఉంటుంది. అందుకే బల్ల మీద జరిగిన పోటీలు చెబితే ఈ ఆట చరిత్ర సగమే చెప్పినట్టు. మిగతా సగం డెక్ కట్టేవాళ్లకీ, ముక్కలు తయారుచేసేవాళ్లకీ మధ్య ముప్ఫై ఏళ్లుగా నడుస్తున్న దొంగాపోలీసు ఆట.

రిచర్డ్ గార్ఫీల్డ్ లెక్కల మనిషి, గణితంలో డాక్టరేట్ ఉన్నవాడు. 1993 ఆగస్టులో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే చిన్న అమెరికన్ కంపెనీ అతని ఆటను అమ్మకానికి పెట్టింది. మొదటి ముద్రణ 26 లక్షల ముక్కలు. ఆటగాడికి 20 ప్రాణాలు, అవి సున్నాకి దిగితే ఓడినట్టు. ప్రతి ముక్కకీ ఒక ఖరీదుంటుంది, దాన్ని ‘మానా’లో చెల్లించాలి. మానా ల్యాండ్ ముక్కల నుంచి వస్తుంది, వంతుకి ఒక్క ల్యాండ్ మాత్రమే దించాలి. అంటే మొదటి వంతులో ఒక మానా, రెండో వంతులో రెండు, అలా. చిన్నవి ముందు, పెద్దవి తర్వాత. ఇల్లంతా నిలబడ్డ దూలం ఈ నియమమే.

ఆ దూలానికి మొదటి పెట్టెలోనే చెదపట్టింది. బ్లాక్ లోటస్ అనే ముక్క ఖరీదు సున్నా, ఇచ్చేది మూడు మానా. మొదటి వంతులోనే ఆట ఎలా ముగిసేదో చూడండి. ఒక ఎర్ర ల్యాండ్ దించి, లోటస్ వేసి మూడు ఆకుపచ్చ మానా తీసుకోవాలి. అందులో రెంటితో ఛానెల్ అనే ముక్క ఆడాలి. ఇక ఆ వంతులో ఒక్కో ప్రాణం ఇచ్చి ఒక్కో మానా తీసుకోవచ్చు. పంతొమ్మిది ప్రాణాలిస్తే పంతొమ్మిది మానా, మిగిలిన ఆకుపచ్చది కలిపితే ఇరవై. ల్యాండ్ ఇచ్చిన ఎర్ర మానాతో ఫైర్‌బాల్ వేసి, ఆ ఇరవైనీ అందులో కూరితే ఎదుటివాడి ఇరవై ప్రాణాలూ ఒకేసారి పోతాయి. నాలుగే ముక్కలు. మన చేతిలో ఒక ప్రాణం మిగులుతుంది, ఎదుటివాడు ఇంకా ముక్కలు సర్దుకుంటూనే ఉంటాడు.

గార్ఫీల్డ్‌కి ఇలాంటి ముక్కల బలం తెలియదనుకోకూడదు. అవి అరుదు, పైగా మామూలు మనిషి రెండు మూడు పెట్టెలకి మించి కొనడు, కాబట్టి ఒక ఊళ్లో ఏ ఒక్కడి దగ్గరో ఒక లోటస్ ఉంటుందని అతని అంచనా. జనం డబ్బాలకి డబ్బాలు కొన్నారు. అప్పట్లో డెక్‌లో కనీసం 40 ముక్కలుంటే చాలు, ఒకే ముక్కను ఎన్నిసార్లయినా పెట్టుకోవచ్చు. లోటస్‌లు పదుల కొద్దీ పెట్టుకున్నా అడ్డు చెప్పే నియమం లేదు.

1994 ఆరంభంలో పోటీల కోసం నియమాలు రాశారు. డెక్‌కి కనీసం 60 ముక్కలు, మామూలు ల్యాండ్లు మినహా ఏ పేరుదైనా నాలుగుకు మించకూడదు, మరీ బలమైనవి ఒక్కటే. అరవైలో నాలుగుంటే మొదటి ఏడు ముక్కల చేతిలో అది కనీసం ఒకటి పడే అవకాశం దాదాపు 40 శాతం. ఒక్కటే ఉంటే 12 శాతం లోపు. నాలుగంటే నమ్ముకుని పథకం వేసుకోవచ్చు, ఒకటంటే దేవుడిమీద భారం. డెక్ కట్టే విద్య మొత్తం ఈ 40 శాతాన్ని ఎలా పెంచుకోవాలన్నదే. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద నడిచిన కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని 1960ల చివర్లో సుప్రీంకోర్టు తేల్చింది, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి గదా అని. మ్యాజిక్‌లో ఆ నైపుణ్యానికి ఇంకో అంతస్తు ఉంది. అదృష్టాన్ని ముందే కొంత కొనిపెట్టుకోవచ్చు.

1995లో పోటీల్ని రెండుగా చీల్చారు. పాత ముక్కలన్నీ ఆడేది టైప్ 1, ఈమధ్య వచ్చినవి మాత్రమే ఆడేది టైప్ 2. రెండోదే తర్వాత స్టాండర్డ్ అయింది. ఫార్మాట్ అనే మాట అర్థం ఇంతే, ఏ కాలపు ముక్కలు బల్లమీదకి రావచ్చో చెప్పే హద్దు. కంపెనీకి ఇందులో వ్యాపారం ఉన్న మాట నిజమే, పాతవి దిగిపోతే కొత్తవి కొనాలి. కానీ తప్పు చేసినా కొన్నేళ్లలో దానంతటదే వెళ్లిపోయే ఏర్పాటు కూడా అదే. వ్యాపారబుద్ధీ, ఆట మేలూ ఇంత చక్కగా కలిసిన సందర్భం నాకు మరొకటి తోచదు.

సిద్ధాంతం కూడా ఆ రోజుల్లోనే పుట్టింది. బ్రయాన్ వైస్‌మన్ ఒక డెక్ కట్టాడు, దానికి ‘ది డెక్’ అన్న పేరే నిలిచిపోయింది, వేరే డెక్‌లు లేనట్టు. అందులో గెలిపించేవి రెండే రెండు సెర్రా ఏంజెల్స్. మిగతావన్నీ ఎదుటివాడు వేసింది తుడిచేయడానికీ, ముక్కలు ఎక్కువ తీసుకోవడానికీ. తన ఒక్క ముక్కతో ఎదుటివాడివి రెండు పోగొడితే, కాసేపటికి అతని చేయి ఖాళీ అవుతుంది, తన చేయి నిండుగా ఉంటుంది. అప్పుడు గెలుపు ఎప్పుడొచ్చినా ఒకటే. ఆటగాళ్లు దీన్ని ‘కార్డ్ అడ్వాంటేజ్’ అన్నారు.

దీనికి పూర్తిగా అడ్డం తిరిగింది 1996లో పాల్ స్లై అట్లాంటా పోటీకి తీసుకెళ్లిన ఎర్ర డెక్. ఆలోచన జే ష్నైడర్‌ది, పేరు మాత్రం ఆడినవాడి మీద స్లై అని నిలిచిపోయింది. అందులో ఐరన్‌క్లా ఆర్క్స్ వంటి, ఎవరూ ఏరుకోని ముక్కలుంటాయి. చూసినవాళ్లు నవ్వుకునే ఉంటారు. కానీ దాని లెక్క ముక్కలది కాదు, మానాది. మొదటి వంతులో ఒక మానా ముక్క, రెండో వంతులో రెండు మానా ముక్క, ఏ వంతులోనూ ఒక్క మానా వృథా పోదు. ఎదుటివాడు చేతినిండా గొప్ప ముక్కలతో కూర్చున్నా, వాటి ఖరీదు చెల్లించే వంతు వచ్చేలోపే ప్రాణాలు అయిపోతాయి. వైస్‌మన్ ముక్కల్ని డబ్బనుకున్నాడు, ష్నైడర్ కాలాన్ని డబ్బనుకున్నాడు. 1999లో మైక్ ఫ్లోరెస్ ‘హూ ఈజ్ ద బీట్‌డౌన్’ అనే వ్యాసంలో ఈ రెంటినీ కలిపేశాడు. ఒకేలాంటి రెండు డెక్‌లు తలపడ్డా ఒకరు దాడి చేసేవాడు, ఒకరు కాచుకునేవాడు అవక తప్పదు, తన పాత్ర ఏదో తప్పుగా ఎంచుకున్నవాడు ఓడతాడు అన్నది అందులోని మాట. ఈనాటికీ కొత్తవాళ్లకి ముందు చెప్పే పాఠం అదే.

ఇక సమతుల్యం సంగతి. నిషేధాల జాబితాలు చదివితే రకరకాల బొమ్మలు, రకరకాల పేర్లు కనిపిస్తాయి. లోపల నేరం మాత్రం చాలామట్టుకు ఒకటే, ఖరీదు ఎగ్గొట్టడం.

1995లో వచ్చిన నెక్రోపొటెన్స్‌ని మొదట చాలామంది పట్టించుకోలేదు. వంతుకి వచ్చే ముక్క మానుకోవాలి, ముక్క కావాలంటే ప్రాణం ఇవ్వాలి, చూస్తే నష్టంలాగే ఉంటుంది. కానీ మానా అడగకుండా ముక్కలిచ్చే ముక్క అది. పందొమ్మిదో ప్రాణం పోయినా ఆట పోదు, చివరిది పోతేనే పోతుంది. ప్రాణాలు కేవలం రక్షణ కాదు, పెట్టుబడి అని ఆటగాళ్లకి తెలిసింది. 1996 వేసవిని ఆ ముక్క రంగు మీద నల్ల వేసవి అన్నారు. అయినా ఆ ఏడు ప్రపంచ పోటీ గెలిచింది ఆస్ట్రేలియాకి చెందిన టామ్ చాన్‌ఫెంగ్, తెల్ల రంగు చిన్న సైనికులతో. డెక్ జాబితా రాసిచ్చేటప్పుడు నీలం మానా కూడా ఇచ్చే నాలుగు ల్యాండ్లు రాయడం మరిచిపోయాడతను. వాటి బదులు మామూలు తెల్ల ల్యాండ్లు పెట్టుకోవాల్సి వచ్చింది. డెక్‌లోని ఒకే ఒక్క నీలం ముక్కను ఆడే దారే లేకుండా ప్రపంచ విజేత అయ్యాడు.

1998 అక్టోబరులో వచ్చిన అర్జాస్ సాగా అనే ముక్కల విడత అసలు ప్రళయం. టొలేరియన్ అకాడమీ అనే ల్యాండ్, మన ముందున్న ‘యంత్రం’ రకం ముక్కల్లో ఒక్కోదానికి ఒక్కో మానా ఇస్తుంది. సున్నా ఖరీదు యంత్రాలు నాలుగు పరిస్తే చాలు, ఒక్క ల్యాండే ట్యాంకరులా పారుతుంది. రోమ్‌లో జరిగిన ప్రో టూర్ అనే పెద్ద పోటీని టామీ హోవి ఆ డెక్‌తోనే గెలిచాడు. ఆ చలికాలపు జోకు ఇప్పటికీ తిరుగుతోంది: ఆట తొలిదశ నాణెం ఎగరేయడం, నడిమిదశ చేతి ముక్కలు మార్చుకోవడం, తుదిదశ మొదటి వంతు. అకాడమీని తీసేశారు, వసంతంలో మరికొన్నిటిని తీసేశారు. మెమరీ జార్ అనే ముక్కనైతే వచ్చిన కొన్ని వారాలకే అత్యవసరంగా నిషేధించారు. ఇంకోసారి ఇలా జరిగితే ఉద్యోగాలుండవని కంపెనీ పెద్దాయన తన గదిలోకి పిలిచి హెచ్చరించినట్టు, అప్పటి రూపకర్తల్లో ఒకడైన మార్క్ రోజ్‌వాటర్ తర్వాత చెప్పుకున్నాడు.

కొన్నేళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉన్నారు. 2004లో స్కల్‌క్లాంప్ వచ్చింది. ఒక మానా ఖరీదు పరికరం, ఒక మానాతో జీవికి తగిలించాలి, ఆ జీవి చస్తే రెండు ముక్కలు మనవి. తయారీలో మొదట అది తొడిగిన జీవికి దాడి బలమూ, తట్టుకునే బలమూ రెండూ పెంచేది. చివరిదశలో రెండో అంకెను −1 చేశారు. కాగితం మీద అది కోత. బల్లమీద వరం, ఎందుకంటే ఒంటి బలం జీవికి తొడిగితే అది అక్కడికక్కడే చస్తుంది, రెండు ముక్కలొస్తాయి. మార్చినాక దాన్ని మళ్లీ గట్టిగా ఆడి చూసినవాళ్లు లేరు. ఆ జూన్‌లో నిషేధించారు. దాని యంత్రాల బంధువర్గాన్ని తీసేయడానికి 2005 మార్చి దాకా పట్టింది, ఒక్క రోజున ఎనిమిది ముక్కలు, అందులో ఆరు ల్యాండ్లే.

2011 నిషేధం నాకు ఇంకో కారణానికి గుర్తు. కా-బ్లేడ్ డెక్‌లో జేస్ ది మైండ్ స్కల్ప్టర్ ఒకటి, ఐదు మానా ఆయుధాన్ని రెండు మానాకే బల్లమీదకి దించే స్టోన్‌ఫోర్జ్ మిస్టిక్ ఇంకొకటి. ఈ డెక్ ఇద్దరి చేతుల్లోనూ ఉంటే మంచి ఆటగాడే గెలిచేవాడు. నైపుణ్యం పరంగా చూస్తే అంతకంటే న్యాయమైన కాలం అరుదు. అయినా తీసేశారు, ఎటు చూసినా అదే డెక్ కాబట్టి. సమతుల్యం అంటే న్యాయం అనుకుంటాం గానీ, కంపెనీ కాపాడేది వైవిధ్యాన్ని. ఆటగాళ్లకి విసుగు పుట్టకపోవడం దాని బతుకు. తమాషా ఏమిటంటే అప్పటికే స్టోన్‌ఫోర్జ్ ముక్కలు రెండున్న ఒక రెడీమేడ్ డెక్‌ని దుకాణాల్లో అమ్ముతున్నారు. కొన్నవాడు మోసపోయాననుకోకుండా ఒక మినహాయింపు రాశారు: ఆ డెక్‌ని ఒక్క ముక్క కూడా మార్చకుండా ఆడేట్టయితే స్టోన్‌ఫోర్జ్ ఆడుకోవచ్చు.

అదే ఏడాది వచ్చిన మోడర్న్ ఫార్మాట్‌లో ముక్కలకి కాలదోషం లేదు. 2010 నాటి ఐ ఆఫ్ యూగిన్ అనే ల్యాండ్, రంగులేని ఎల్డ్రాజీ రాక్షసుల ఖరీదును రెండు తగ్గిస్తుంది. రాక్షసులన్నీ భారీ ఖరీదువి అయినన్నాళ్లూ దానివల్ల పెద్ద హాని లేదు. 2016లో రెండు మూడు మానా ఎల్డ్రాజీలు అచ్చయ్యాయి. ఫిబ్రవరిలో అట్లాంటా ప్రో టూర్ చివరి ఎనిమిదిమందిలో ఆరుగురు ఎల్డ్రాజీ వాళ్లే, ఏప్రిల్‌కల్లా ఆ ల్యాండ్ లేదు. ముక్క తప్పు చేయలేదు, ఆరేళ్ల తర్వాత వచ్చిన చుట్టాలు చేయించారు.

2017లో ఆటగాళ్లుగా పేరు మోసినవాళ్లతో ప్లే డిజైన్ అనే విభాగం పెట్టారు, తప్పులు ముందే పట్టడానికి. 2019 అక్టోబరులో ఓకో వచ్చాడు. మూడు మానా. ఏ జీవినైనా, యంత్రాన్నయినా మామూలు దుప్పిగా మార్చేస్తాడు, అలా చేసినకొద్దీ ఇంకా బలపడతాడు. ఎదుటివాడి ముక్కల మీద ఆ శక్తిని ఎంతగా వాడతారో సరిగా అంచనా వేయలేకపోయామని విభాగమే ఒప్పుకుంది. నవంబరులో స్టాండర్డ్ నుంచి వెళ్లగొట్టారు.

మరుసటి వసంతంలో కంపానియన్లు. డెక్ కట్టడంలో ఒక షరతు పాటిస్తే చాలు, ఈ ముక్క డెక్ బయటే కూర్చుని, ప్రతి ఆటలోనూ ఎనిమిదో ముక్కగా సిద్ధంగా ఉంటుంది. 40 శాతం కాదు, 100 శాతం. వింటేజ్ ఫార్మాట్‌లో బలమైన ముక్కని నిషేధించరు, ఒక్కటికి పరిమితం చేస్తారు. లర్రస్ అనే కంపానియన్‌కి కావలసిందే ఒక్కటి, ఇక పరిమితం చేసి లాభమేముంది? 1994 నాటి కత్తి మొండిపోయింది. మే నెలలో వింటేజ్ నుంచే దాన్ని తీసేశారు, జూన్‌లో కంపానియన్ నియమాన్నే మార్చారు: చేతిలోకి తెచ్చుకోవాలంటే మూడు మానా కట్టు. నేను చెబుతున్న ఖరీదు సంగతిని కంపెనీ తన చేత్తో నియమాల పుస్తకంలో రాసుకున్న సందర్భం అది.

అయినా 2024 జూన్‌లో నాడు అనే పక్షి వచ్చింది. మన జీవుల్లో దేన్ని గురిచూసినా మనకో ముక్క ఇస్తుంది, అది ల్యాండయితే తిన్నగా బల్లమీదకే. 2005లో అచ్చయి మూల పడి ఉన్న షూకో అనే ఆయుధం తగిలించడానికి ఖరీదు సున్నా. రెండూ కలిస్తే ఇక లెక్కలేదు. చివర్లో మార్చిన రూపాన్ని ఆడి పరీక్షించలేదని రూపకర్త మైఖేల్ మేజర్స్ స్వయంగా రాశాడు. ఇరవై ఏళ్ల నాటి స్కల్‌క్లాంప్ కథే. ఆగస్టులో మోడర్న్ నుంచి తీసేశారు.

ఆ సెప్టెంబరు 23న కమాండర్ ఫార్మాట్‌లోనూ నాడుతో పాటు మరో మూడు ముక్కలు పోయాయి. నూరు ముక్కల డెక్, ఒక్కోటి ఒక్కటే, సాధారణంగా నలుగురు కూర్చుని సరదాకి ఆడే ఫార్మాట్ అది. అప్పటిదాకా నియమాలు చూసింది కూడా కంపెనీ కాదు, స్వచ్ఛందంగా పనిచేసే ఒక చిన్న కమిటీ. పోయినవాటిలో పదుల డాలర్లు, అంతకుమించి పోసి కొన్నవి ఉన్నాయి. కొన్నవాళ్లలో కొందరు కమిటీ సభ్యుల్ని బెదిరించేదాకా వెళ్లారు. వారం తిరిగేసరికి కమిటీ ఫార్మాట్ పగ్గాలు కంపెనీకి అప్పగించింది. నిషేధించిన వాటిలో ఒకదాని పేరు జ్యువెల్డ్ లోటస్. ఖరీదు సున్నా, డెక్‌కి నాయకుడైన కమాండర్ ముక్కని దించడానికి ఇచ్చేది మూడు మానా.