బరోలోకి చట్టం కాపలా, జీలుగు కల్లుకి పన్ను

పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

సంగం చుట్టుపక్కల యానాది గూడేల నుంచి వచ్చి హాస్టళ్లలో చదువుకునే మాకు కల్లు, సారా అనే మాట వినపడితేనే తల దించుకోవడం అలవాటైపోయింది. "మీవాళ్లంతా తాగుబోతులు" అని చిన్నప్పటి నుంచీ వింటానే ఉన్నాం. అందుకే ఈ తాగుడు చరిత్ర ఏందో చూద్దామని కూర్చున్నాం.

ముందు ఇటలీ సంగతి. ఆ దేశం ఉత్తరాన పీడ్‌మాంట్ ప్రాంతంలో బరోలో అని ఒక ఊరుంది. అక్కడి ఎర్ర వైన్‌కి ఆ ఊరి పేరే. నెబ్బియోలో అనే ఒక్క రకం ద్రాక్షతోనే చేస్తారు. చూడ్డానికి రంగు పల్చన, పాతబడే కొద్దీ ఇటుక రంగుకి తిరుగుతుంది. నోట్లో మాత్రం గట్టి వగరు. వాసన రోజా పూలు, తారు కలిసినట్టు ఉంటుందంటారు. అమ్మే ముందు కనీసం 38 నెలలు నిలవ పెట్టాలి, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో. 1966లో ఒకసారి, 1980లో ఇంకా గట్టిగా అక్కడి ప్రభుత్వం ఆ పేరుకి రక్షణ ఇచ్చింది. నిర్ణయించిన 11 ఊళ్ల ద్రాక్షతో చేస్తే తప్ప ఆ పేరు పెట్టకూడదు.

ఇప్పుడు మన జీలుగు కల్లు. గోదావరికి ఉత్తరాన మన్యం కొండల్లో జీలుగు చెట్టు ఏళ్ల తరబడి పెరిగి, అప్పుడు గెల వేస్తుంది. పైనుంచి కిందికి ఒక్కో గెలా వేసుకుంటా వచ్చి, చివరికి చెట్టే చచ్చిపోతుంది. గెల కోసి కుండ కడితే కల్లు దిగుతుంది. దించినప్పుడు తియ్యన, పొద్దెక్కే కొద్దీ పులుపు, మత్తు. నిలవ పెట్టేది కాదు, పీపాలో దాచేది కాదు. ఆ చెట్టు దగ్గరే, ఆ రోజే తాగాలి. దానికీ ఊరుంది, కాలముంది, రుచుంది. లేనిది చట్టం కాపలా ఒక్కటే.

కాపలాకి బదులు పన్నొచ్చింది. ఇంటి అవసరానికి కల్లు గీసుకోకూడదని బ్రిటిష్‌వాళ్లు ఆబ్కారీ నిబంధన పెట్టారు, కల్లు మీద వసూళ్లని మైదానపు కాంట్రాక్టర్లకి అప్పజెప్పారు. రంప మన్సబ్‌దారు తన వంతుగా చిగురు పన్ను గుంజాడు. అప్పులిచ్చిన వ్యాపారులు, లంచాలు మరిగిన పోలీసులు సరేసరి. 1879 మార్చిలో కొండదొరలు, కోయలు, కొండరెడ్లు తిరగబడ్డారు. తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య లాంటోళ్లు ముందుండి నడిపారు. పోలీసు స్టేషన్లు తగలబడ్డాయి, తిరుగుబాటు గొలుగొండ, భద్రాచలం వైపుకి పాకింది. దాన్ని అణచడానికి సైన్యాన్ని దింపాల్సొచ్చింది. 1922 అల్లూరి పోరాటం అందరికీ తెలుసు. దానికి 43 ఏళ్ల ముందు ఇదే మన్యంలో కల్లు చెట్టు హక్కు కోసం కూడా జనం చచ్చిపోయారని మాకు బళ్లో ఎవరూ చెప్పలేదు.

అట్లని తాగుడు మంచిదని మేం అనడం లేదు. మన జిల్లా చరిత్ర దాన్ని ఒప్పుకోదు. 1980ల్లో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారా ప్యాకెట్లు ఊరూరికీ చేర్చింది. అది ఏ చెట్టుదీ కాదు, ఏ ఊరిదీ కాదు. కూలి డబ్బులు సాయంత్రానికి ప్యాకెట్ల పాలయ్యేవి. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, ఆమెతో పాటు ఆడవాళ్లు సారాని ఊళ్లోకి రానీకుండా నిలబడ్డారు. రాత్రి బడుల్లో చదువు నేర్చుకుంటా ఎదిగిన ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ సంపూర్ణ నిషేధాన్ని ఎత్తేశారు.

రంపలో "మా చెట్టు మాకు" అన్నారు, దూబగుంటలో "మీ సారా మాకొద్దు" అన్నారు. పైకి రెండూ ఎదురెదురు మాటలు. కానీ మా ఊళ్లో ఏముండాలో మేమే చెప్తాం అన్నదే రెండిట్లో ఉండే మాట. 1996 పెసా చట్టం ఆ అధికారాన్ని గ్రామసభలకీ పంచాయతీలకీ ఇవ్వాలంది. అయితే అది ఐదో షెడ్యూల్ ప్రాంతాలకే. నెల్లూరు జిల్లాలో షెడ్యూల్డ్ ప్రాంతం లేదు కాబట్టి మా గూడేలకి అదీ లేదు.

ఈసారి ఎవరైనా "మీవాళ్లు తాగుబోతులు" అంటే తల దించుకోబాకండి. ఆ ప్యాకెట్లు ఊళ్లోకి ఎవరు తెచ్చారో అడగండి. మీ అవ్వాతాతలకి కల్లు గురించి, సారా ఉద్యమం గురించి ఏమన్నా గుర్తుంటే కింద రాయండి, అన్నీ ఒకచోట చేరుద్దాం.