హెచ్చరిక సైరన్ల పరీక్షలో అమెచ్యూర్ రేడియో సేవలు

తుపాను, సునామీ, వరద, వైమానిక దాడి వంటి ఆపదలు ముంచుకువచ్చే వేళ ప్రజలను అప్రమత్తం చేసే సాధనాలలో సైరన్ ముఖ్యమైనది. అయితే ఎత్తైన స్తంభంపై సైరన్‌ను అమర్చినంత మాత్రాన బాధ్యత తీరదు. మీట నొక్కగానే అది మోగిందా, ఆ ధ్వని ఊరి చివరి ఇంటి వరకు చేరిందా, విన్నవారికి దాని అర్థం తెలిసిందా అన్న మూడు ప్రశ్నలకు సమాధానం లభించినప్పుడే ఆ ఏర్పాటు అక్కరకు వస్తుందని భావించాలి. ఈ సమాధానాలను రాబట్టడంలో అమెచ్యూర్ రేడియో స్వచ్ఛంద సేవకుల సహకారం ఎంతో విలువైనది.

అమెచ్యూర్ రేడియో అంటే

లాభాపేక్ష లేకుండా, ఆసక్తితో సొంత వైర్‌లెస్ కేంద్రాలను నడిపేవారిని అమెచ్యూర్ రేడియో ఆపరేటర్లు లేదా హామ్‌లు అంటారు. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ టెలికమ్యూనికేషన్ల శాఖ పరీక్షలో ఉత్తీర్ణులై అనుమతి పొందినవారే ఈ కేంద్రాలను నడపవలసి ఉంటుంది. ప్రతి ఒక్కరికీ ‘వి.యు.’ వంటి అక్షరాలతో మొదలయ్యే ప్రత్యేక సంకేతనామం ఉంటుంది. దగ్గరి ప్రాంతాలతో మాట్లాడేందుకు 144-146 మెగాహెర్ట్జ్, దూర ప్రాంతాలకు 7 మెగాహెర్ట్జ్ వంటి తరంగాలను వీరు వినియోగిస్తారు. సెల్‌ఫోన్ టవర్లపై గాని, టెలిఫోన్ తీగలపై గాని ఆధారపడకుండా బ్యాటరీతోనే పనిచేయగలగడం ఈ విధానంలోని విశిష్టత. ఈ రంగంలో శిక్షణనిచ్చే జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ హైదరాబాద్‌లో 1983లో ఏర్పడింది.

ఆపదలలో అనుభవం

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన వేల మందిని బలిగొన్నది. రాకపోకలు, సమాచార సంబంధాలు తెగిపోవడంతో నష్టం తీవ్రత బయటి ప్రపంచానికి తెలియడంలో జాప్యం జరిగింది. 2004 డిసెంబరు 26న సునామీ సంభవించినప్పుడు జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన శ్రీమతి భారతీ ప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నది. అక్కడ తాము చేపట్టిన రేడియో కార్యక్రమాన్ని నిలిపివేసి, అండమాన్ దీవులకు, ప్రధాన భూభాగానికి మధ్య క్షేమసమాచారాలను చేరవేసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిడికి విశాఖపట్నంలో విద్యుత్తు, సెల్‌ఫోన్ వ్యవస్థలు స్తంభించినప్పుడు కూడా హామ్‌లు సేవలందించారు.

పరీక్ష జరిగే తీరు

నేటి సైరన్లు బ్యాటరీ స్థితిని, యంత్రభాగాల స్థితిని కంట్రోల్ రూముకు తెలుపగలవు. శబ్దం రాకుండానే పరికరాన్ని పరీక్షించే పద్ధతి కూడా ఉన్నది. అయితే ఎదురుగాలి, చెట్లు, ఎత్తైన భవనాలు, మూసిన తలుపులు ధ్వనిని ఎంతవరకు అడ్డగిస్తున్నాయో ఏ యంత్రమూ చెప్పలేదు. అందుకు అక్కడ ఒక మనిషి నిలబడి వినవలసిందే.

అమెరికాలోని పలు కౌంటీలలో సైరన్లను నిర్ణీత రోజున మోగించి పరీక్షిస్తారు. ఆ సమయానికి హామ్‌లు తమకు కేటాయించిన సైరన్ల సమీపంలో ఉండి, విన్నదీ కన్నదీ రేడియో ద్వారా తెలియజేస్తారు. ఒక ప్రధాన కేంద్రం వరుసగా పిలుస్తుండగా ఒక్కొక్కరు నివేదిస్తారు. మోత మొదలైన, ఆగిన సమయాలు, ధ్వని తీవ్రత, తిరిగే సైరన్ అయితే తిరిగిందా లేదా, మాటలతో ప్రకటన ఉంటే అది స్పష్టంగా వినబడిందా అన్నవి ఇందులో ముఖ్యాంశాలు. ఏ సైరన్ మూగబోయిందో అప్పటికప్పుడే తెలిసిపోతుంది. ఫోన్లు పనిచేయని వేళ ఆధారపడవలసిన రేడియో మార్గం కూడా దీనితోపాటే పరీక్షకు నిలుస్తుంది.

మన తీరప్రాంతానికి ఈ పద్ధతి అనుసరణీయం. స్తంభం కిందనే కాక చేపల రేవు, ఊరికి దూరంగా ఉన్న పాలెం, పాఠశాల లోపలి గది వంటి చోట్ల కూడా పరిశీలకులను ఉంచితే వాస్తవ పరిస్థితి తెలుస్తుంది. ధ్వని చేరని చోట్లకు టముకు, మైకు ప్రచారం వంటి ఏర్పాట్లను ముందుగానే నిర్ణయించుకోవచ్చు.

విన్నంత మాత్రాన చాలదు

1960 మే 22న చిలీలో సంభవించిన భూకంపం వల్ల పుట్టిన సునామీ హవాయి దీవులలోని హిలో పట్టణాన్ని తాకింది. ఆ రాత్రి సుమారు 8.30 గంటలకే సైరన్లు మోగాయి. పెద్ద అల వచ్చింది అర్ధరాత్రి దాటిన తరువాత ఒంటిగంట సమయంలో. నాలుగు గంటలకు పైగా వ్యవధి ఉన్నప్పటికీ 61 మంది మరణించారు. సైరన్ విన్నవారిలో చాలామందికి దాని అర్థం స్పష్టంగా తెలియలేదు.

సంకేతాలు కూడా అన్ని చోట్లా ఒకటి కావు. హవాయిలో ఎడతెగకుండా ఒకే స్థాయిలో మోగే సైరన్ ప్రమాద హెచ్చరిక. మన దేశ పౌర రక్షణ విధానంలో హెచ్చుతగ్గులతో రెండు నిమిషాలు మోగితే వైమానిక దాడి హెచ్చరిక. ఒకే స్థాయిలో రెండు నిమిషాలు మోగితే ప్రమాదం తొలగినట్లు సూచన. 2025 మే 7న దేశవ్యాప్తంగా జరిగిన పౌర రక్షణ విన్యాసాలలో హైదరాబాద్, విశాఖపట్నం నగరాలలోనూ సైరన్లు మోగాయి. ఓడరేవుల ప్రమాద సూచికల నంబర్లు తీరవాసులకు ఎంత పరిచయమో, సైరన్ సంకేతాలు కూడా అంతే పరిచయం కావాలి.

పాటించవలసిన జాగ్రత్తలు

- పరీక్ష తేదీ, సమయం, వ్యవధి, సంకేతాల అర్థాలను పత్రికలు, ఆకాశవాణి, టి.వి.ల ద్వారా ముందుగా ప్రచారం చేయాలి.
- నిజమైన తుపాను హెచ్చరిక అమలులో ఉన్న రోజున పరీక్ష జరుపరాదు.
- రేడియోలో పంపే ప్రతి సందేశాన్నీ ‘ఇది పరీక్ష మాత్రమే’ అన్న మాటలతో ప్రారంభించాలి.
- పరిశీలించి నివేదించడం వరకే హామ్‌ల బాధ్యత. హెచ్చరిక జారీ చేసే అధికారం ప్రభుత్వ యంత్రాంగానిదే.
- లోపం బయటపడిన సైరన్‌ను మరమ్మతు చేసిన తరువాత తిరిగి మోగించి చూడాలి.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా స్థాయిలో విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థకు కలెక్టర్ అధ్యక్షత వహిస్తారు. జిల్లాలోని అనుమతి పొందిన హామ్‌ల జాబితాను సిద్ధం చేసుకుని, సైరన్ల పరీక్షలలో వారిని భాగస్వాములను చేసినట్లయితే, ఆపద వేళ ఎవరు ఎక్కడ ఉండాలో, ఎవరితో మాట్లాడాలో అందరికీ ముందే తెలిసి ఉంటుంది. ప్రశాంతంగా ఉన్న రోజున బయటపడిన లోపాన్ని సరిదిద్దుకోవచ్చు. తుపాను రాత్రి బయటపడిన లోపానికి ప్రాణాలే మూల్యం కావచ్చు.