కంటైనర్‌లో సొంత ఈ-పుస్తక గ్రంథాలయం

ఒక కంప్యూటర్‌లో ఉన్న ఈ-పుస్తకాలకు పట్టిక తయారుచేసి, వాటిని బ్రౌజర్ ద్వారా ఇంట్లోని ఫోన్లకో కళాశాలలోని కంప్యూటర్లకో అందించే సాఫ్ట్‌వేర్‌ను ఈ-పుస్తక లైబ్రరీ మేనేజర్ అంటారు. ఈ రకంలో బాగా వాడుకలో ఉన్నవి కాలిబర్-వెబ్, కవిత. పుస్తకాలు ఏ కంపెనీ సర్వర్‌లోనూ ఉండవు, సొంత డిస్కులోనే ఉంటాయి. ఆ మేనేజర్‌ను కంప్యూటర్‌లో నేరుగా ఇన్‌స్టాల్ చేయకుండా డాకర్ కంటైనర్‌లో నడపడం ఇప్పుడు సాధారణమైంది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతానికి ఇది బాగా పనికొచ్చే ఏర్పాటు. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా నుంచి విడిపడి ఈ మూడూ జిల్లాలయ్యాయి. ఒకప్పుడు ఇవి సంస్థానాల సీమ. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు తిరుపతి వేంకట కవులు వచ్చి అవధానాలు చేశారు. జటప్రోలు సంస్థాన ప్రభువు సురభి మాధవరాయలు ‘చంద్రికా పరిణయం’ అనే ప్రబంధం రాశాడు. ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో 1896లో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో ‘గోలకొండ పత్రిక’ను, 1934లో 354 మంది తెలంగాణ కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను తెచ్చారు. 1952లో ఆయన వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. నాగర్‌కర్నూల్‌లో స్థిరపడిన కపిలవాయి లింగమూర్తి పాలమూరు గుళ్ల చరిత్రను ఊరూరా తిరిగి పోగుచేశారు. ఈ వాఙ్మయంలోని పాత ముద్రణలు నేడు ఎక్కువగా స్కాన్ పీడీఎఫ్‌లుగానే దొరుకుతాయి. అవి ఒకరి ఫోన్‌లో కొన్ని, మరొకరి పెన్‌డ్రైవ్‌లో కొన్నిగా చెదిరిపోతే వెతికి పట్టుకోవడం కష్టం. వాటిని ఒక చోట చేర్చి, పేర్లు సరిచేసి, చదివేవారికి అందుబాటులో ఉంచడమే ఈ సాఫ్ట్‌వేర్ చేసే అసలు మేలు.

కాలిబర్-వెబ్‌కు ఆధారమైన కాలిబర్‌ను కోవిద్ గోయల్ 2006లో మొదలుపెట్టారు. అప్పటి పేరు లిబ్‌పీఆర్‌ఎస్500. 2008లో కాలిబర్ అయింది. అది డెస్క్‌టాప్ కార్యక్రమం. పుస్తకాల వివరాలన్నీ ‘మెటాడేటా.డీబీ’ అనే ఒక్క ఎస్‌క్యూలైట్ ఫైలులో రాసుకుంటుంది. రచయిత పేరుతో ఒక ఫోల్డరు, అందులో పుస్తకం పేరుతో మరొకటి, దానిలో పుస్తకం, అట్టబొమ్మ ఉంటాయి. కాలిబర్-వెబ్‌ను వేరే వాళ్లు పైథాన్‌లో రాశారు. అది అదే డేటాబేసును చదివి వెబ్ పేజీలుగా చూపిస్తుంది. కవితది వేరే దారి, అది ఫోల్డర్లను తానే స్కాన్ చేసుకుంటుంది.

డాకర్ 2013లో వెలుగులోకి వచ్చింది. కార్యక్రమాన్నీ దానికి కావలసిన లైబ్రరీలన్నింటినీ ఒకే ఇమేజ్‌గా కట్టి, లినక్స్ కెర్నెల్‌లోని నేమ్‌స్పేస్‌లు, సీగ్రూప్‌ల సాయంతో మిగతా వ్యవస్థ నుంచి విడిగా నడిపిస్తుంది. పాత ల్యాప్‌టాప్‌లో నడిచే ఏర్పాటునే రేపు రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్‌లోకి మార్చాలంటే అమరికలు రాసిన ఒక కంపోజ్ ఫైలు, రెండు ఫోల్డర్లు తీసుకెళ్తే చాలు. లినక్స్‌సర్వర్ బృందం తయారుచేసే కాలిబర్-వెబ్ ఇమేజ్ ఈ రెండు యంత్రాల్లోని ప్రాసెసర్లకూ దొరుకుతుంది.

ఆ రెండు ఫోల్డర్ల సంగతి అన్నిటికన్నా ముందు తెలుసుకోవాలి. కంటైనర్ లోపలి ‘కాన్ఫిగ్’ ఫోల్డరులో వాడుకరుల ఖాతాలు, సెట్టింగులు ఉంటాయి. ‘బుక్స్’లో పుస్తకాలు, మెటాడేటా.డీబీ ఉంటాయి. రెండింటినీ బయటి డిస్కులోని ఫోల్డర్లకు వాల్యూమ్‌లుగా తగిలించాలి. అలా తగిలించడం మరిచి పుస్తకాలు ఎక్కిస్తే అవి కంటైనర్ లోపలి పొరలో ఉండిపోతాయి. కంటైనర్‌ను తొలగించిన రోజున దానితోపాటే పోతాయి. సక్రమంగా తగిలిస్తే కంటైనర్‌ను ఎన్నిసార్లు చెరిపి మళ్లీ సృష్టించినా ఒక్క పుస్తకం కూడా పోదు. ఫోల్డరు ఎవరి పేరున ఉందో ఆ వాడుకరి సంఖ్యలనే పీయూఐడీ, పీజీఐడీ అనే చరరాశుల్లో ఇవ్వాలి. అవి తప్పితే పుస్తకాలు కనిపిస్తాయి కానీ కొత్తవి ఎక్కవు. కాలమండలం ఆసియా/కోల్‌కతా, పోర్టు 8083. ముందుగా డెస్క్‌టాప్ కాలిబర్‌తో ఒక లైబ్రరీ సృష్టించి, దాని దారిని మొదటిసారి లాగిన్ అయినప్పుడు చూపించాలి. మొదట ఇచ్చే అడ్మిన్ పాస్‌వర్డు అందరికీ తెలిసినదే కాబట్టి దాన్ని వెంటనే మార్చాలి.

కరెంటు పోయి వచ్చినప్పుడు కంటైనర్ తనంతట తానే లేవాలంటే రీస్టార్ట్ విధానాన్ని ‘అన్‌లెస్-స్టాప్డ్’గా పెట్టాలి. రాత మధ్యలో కరెంటు పోతే డేటాబేసు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది, చిన్న యూపీఎస్ ఉంటే నిశ్చింత. డేటాబేసు నెట్‌వర్క్ డ్రైవుపై ఉంటే ఎస్‌క్యూలైట్ తాళాలు సరిగా పనిచేయవు, కనుక దాన్ని ఆ యంత్రం సొంత డిస్కులోనే ఉంచాలి. డెస్క్‌టాప్ కాలిబర్, కాలిబర్-వెబ్ రెండూ ఏకకాలంలో రాయకూడదు. నకలు తీసేటప్పుడు కంటైనర్‌ను కాసేపు ఆపాలి.

తెలుగు పుస్తకాల దగ్గరకు వస్తే శ్రమంతా వివరాలు నింపడంలోనే ఉంటుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. కాలిబర్ చివరి మాటను ఇంటిపేరనుకుని సురవరం ప్రతాపరెడ్డిని ‘ప్రతాపరెడ్డి, సురవరం’గా మార్చి అక్షరక్రమంలో ‘ప’ దగ్గర పెడుతుంది. కాలిబర్ సెట్టింగుల్లోని ట్వీక్స్‌లో రచయిత క్రమపు పద్ధతిని ‘కాపీ’గా మారిస్తే పేరు ఉన్నదున్నట్టు నిలుస్తుంది. గోన బుద్ధారెడ్డి రచనగా ప్రసిద్ధమైన ‘రంగనాథ రామాయణం’ వంటి గ్రంథానికి కర్తృత్వంపై వాదాలున్నాయి. అలాంటప్పుడు రచయిత గడిలో ఒక పేరు పెట్టి, వాదాన్ని వ్యాఖ్య గడిలో రాయడం మేలు. వెతుకులాటలో ‘గోలకొండ’, ‘గోల్కొండ’ వేర్వేరు మాటలు. ‘గోల్‌కొండ’ అని మధ్యలో కనిపించని విడదీత అక్షరం చేర్చి రాస్తే మూడోది అవుతుంది. ఒకే రూపం ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడాలి. ఇంకొకటి: డిస్కుపై ఫోల్డర్ల పేర్లను కాలిబర్ రోమన్ లిపిలోకి మార్చేస్తుంది. చూడగానే బెంగపడనక్కరలేదు, డేటాబేసులో తెలుగు భద్రంగా ఉంటుంది.

స్కాన్ పీడీఎఫ్‌ను ఈ-పబ్‌గా మార్చమంటే కాలిబర్ పాఠం తీయలేదు, అందులో ఉన్నవి బొమ్మలే. బొమ్మల్లోని అక్షరాలను గుర్తించే టెసరాక్ట్‌కు తెలుగు మోడల్ ఉంది. దానితో పాఠం తీసి, తప్పులు మనిషి దిద్దాలి. యూనికోడ్‌కు ముందటి అను ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌ల నుంచి పాఠం తీస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. తెలుగు వికీసోర్స్‌లో దిద్దిన పుస్తకాలు నేరుగా ఈ-పబ్‌గా దిగుతాయి, వాటితో మొదలుపెట్టడం సుఖం. ఈ-పబ్‌లో పొదగడానికి ఉచిత తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు సురవరం. కాలిబర్-వెబ్‌లోని రీడర్ బ్రౌజర్‌లోనే పేజీ చూపిస్తుంది కాబట్టి వత్తులు చెదరవు.

ఇంటి బయటినుంచి చదవాలంటే రూటర్‌లో పోర్టు తెరవడం కన్నా టెయిల్‌స్కేల్ వంటి ప్రైవేటు నెట్‌వర్క్ భద్రం. చాలా ఇంటర్నెట్ కనెక్షన్లకు విడి పబ్లిక్ అడ్రసు ఉండదు. అక్కడా ఇది పనిచేస్తుంది. అందరికీ తెరిచే ముందు కాపీరైట్ చూడాలి. భారత చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1953లో కన్నుమూసిన ప్రతాపరెడ్డి తన జీవితకాలంలో ప్రచురించిన రచనలు 2014 నుంచి అందరివీ. 2018లో మరణించిన లింగమూర్తి రచనలకు 2078 చివరి వరకు హక్కు నిలుస్తుంది. అలాంటి పుస్తకాలకు ఒక ట్యాగు పెట్టి, కాలిబర్-వెబ్‌లో అతిథి ఖాతాకు ఆ ట్యాగును నిషేధిస్తే అవి లాగిన్ లేనివారికి కనిపించవు.