చదివాడు సరే, అర్థమైందా?

1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ తన జిల్లా బడుల మీద మద్రాసు రెవెన్యూ బోర్డుకు ఒక నివేదిక పంపాడు. అంతకు ముందు ఏడాది గవర్నరు థామస్ మన్రో ప్రతి జిల్లా నుంచీ బడుల లెక్క తెప్పించమన్నాడు. మిగతా కలెక్టర్లు చాలామంది పట్టికలు నింపి ఊరుకుంటే, క్యాంబెల్ బడి లోపల ఏం జరుగుతోందో కూడా రాశాడు. 1816లోనే తెలుగు వ్యాకరణం అచ్చువేసినవాడు కాబట్టి భాష మీద చెవి ఉన్న మనిషి. అప్పటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం, ఆదోని ప్రాంతాలూ కలిసే ఉండేవి. ఆయన లెక్కకు వచ్చిన 533 బడుల్లో 226 తెలుగువి, 235 కన్నడవి.

పొద్దున్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్న చుట్టేవారు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, ఆ తర్వాత వచ్చేవాళ్ళకు ఒక్కొక్కటి పెంచుకుంటూ పోవడం. పెద్దపిల్లలు చిన్నవాళ్ళకు పాఠం చెప్పే పద్ధతి క్యాంబెల్‌కు బాగా నచ్చింది. నచ్చనిది చదువు తీరు. పిల్లలు పద్యాలకు పద్యాలు తడుముకోకుండా ఒప్పజెబుతున్నారు, వాటి అర్థం మాత్రం వాళ్ళకు తెలియదు. పుస్తకంలోని భాష వేరు, ఇంట్లో మాట్లాడే భాష వేరు కావడం దీనికి ఒక కారణమని కూడా ఆయన గుర్తించాడు. కుంపిణీ అధికారి చూపుకు ఉండే పక్షపాతాలు ఆయనకూ ఉండవచ్చు. నోటికి వచ్చిన పద్యానికి అర్థం పెద్దయ్యాక పురాణ కాలక్షేపాల్లో విని తెలుసుకుంటారులే అన్న నమ్మకం మన అయ్యవార్లకు ఉండి ఉంటుందని నా ఊహ. అయినా ఆయన ఎత్తిచూపిన లోపాన్ని కొట్టిపారేయలేం. బిడ్డ గొంతు వినడం తేలిక, బుర్రలోకి ఏం వెళ్ళిందో తెలుసుకోవడం కష్టం. తర్వాతి రెండు వందల ఏళ్ళలో వచ్చిన పరీక్షలు చాలావరకు ఈ తేలికపాటి పని వైపే మొగ్గుతూ వచ్చాయి.

ఆ మొగ్గు డబ్బుతో కలిసినప్పుడు ఏమవుతుందో ఇంగ్లండులో తేలింది. 1862లో రాబర్ట్ లో అనే ఆయన తెచ్చిన సవరించిన నియమావళి ప్రకారం, ఇన్‌స్పెక్టరు ఏడాదికొకసారి వచ్చి ఒక్కో పిల్లవాణ్నీ చదవడం, రాయడం, లెక్కల్లో పరీక్షిస్తాడు. ఒక్క అంశంలో తప్పినా ఆ పిల్లవాడి పేరు మీద బడికి రావలసిన గ్రాంటులో 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. అయ్యవారి జీతం ఆ గ్రాంటు మీదే ఆధారపడేది. దాంతో ఏడాది పొడుగునా ఒకే వాచకం, ఒకే పాఠాలు. పుస్తకం చేతిలో తలకిందులుగా ఉన్నా పిల్లలు ధారాళంగా ‘చదివేసే’ స్థితి వచ్చింది. స్వయంగా బడుల ఇన్‌స్పెక్టరైన కవి మాథ్యూ ఆర్నల్డ్ ఈ పద్ధతిని ఏళ్ళ తరబడి తన నివేదికల్లో దుయ్యబట్టాడు.

ఆ దశాబ్దంలోనే మద్రాసు ప్రెసిడెన్సీకీ ఫలితాల గ్రాంటు వచ్చింది. పల్లెల్లోని ప్రైవేటు బడులను సర్కారు లెక్కలోకి లాగడానికి అది పనికొచ్చిన మాట నిజమే. అయితే ఇన్‌స్పెక్టరు వచ్చే రోజే బడికి పంటకోత రోజైంది. చివరకు 1904లో కర్జన్ ప్రభుత్వం తన విద్యావిధాన తీర్మానంలో ఈ పద్ధతిని తప్పుపట్టి పక్కన పెట్టించింది.

పరీక్షించడానికి వచ్చినవాడు గ్రాంటు కోసం కాక, తెలుసుకుందామని అడిగితే ఎంత దూరం పోతుందో చెప్పే కథ మన దగ్గరే ఉంది. ఉత్తర సర్కారు జిల్లాల బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్‌కు 1906–07 ప్రాంతంలో ఒక అనుమానం వచ్చింది. పిల్లలు మాట్లాడే తెలుగు, పుస్తకంలో చదివే తెలుగు ఇంత వేరుగా ఎందుకున్నాయి? ఆ ప్రశ్న విశాఖపట్నంలో పి.టి. శ్రీనివాస అయ్యంగారినీ, విజయనగరంలో గురజాడ అప్పారావునూ, పర్లాకిమిడిలో అధ్యాపకుడైన గిడుగు రామమూర్తినీ కదిలించింది. గిడుగు అప్పటికే సవర పిల్లలకు వాళ్ళ భాషలో వాచకాలు తయారుచేసినవారు. అర్థంకాని భాషలో చదువు చెబితే ఏమవుతుందో కళ్ళారా చూసినవారు. అలా మొదలైన వ్యావహారిక భాషోద్యమాన్ని మనం సాహిత్య చరిత్రలో ఒక అధ్యాయంగా చదువుకుంటాం. నా మట్టుకు అది ముందుగా తరగతి గది గొడవ, పిల్లల అవగాహన గురించిన గొడవ. బిడ్డకు అర్థం కాకపోతే తప్పు బిడ్డదేనా, పాఠానిదా అని ఇంత గట్టిగా అంతకు ముందు మన దగ్గర ఎవరూ అడిగినట్టు నాకు తెలియదు.

అదే కాలంలో అమెరికాలో చదువును కొలిచే శాస్త్రం పుట్టింది. 1915లో విలియం గ్రే బిగ్గరగా చదివించి చూసే ప్రామాణిక పేరాలు తయారుచేశాడు. 1917లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ఇంకొంచెం లోతుకు పోయాడు. ఫ్రాంక్లిన్ అనే ఊళ్ళో బడి హాజరు నియమాల గురించి చిన్న పేరా ఇచ్చి, ఇది దేన్ని గురించి అని అడిగాడు. కొందరు ‘ఫ్రాంక్లిన్’ అని రాసి ఊరుకున్నారు. పేరాలో పెద్దగా కనిపించే మాటను పట్టుకుని మిగతాది వదిలేశారన్నమాట. చదవడమంటే ప్రతి మాటకూ దాని బరువు ఎంతో తూచుకుంటూ ఆలోచించడమేనని ఆయన తేల్చాడు.

మన ప్రశ్నపత్రాలకు ఆ సంగతి ఆలస్యంగా అందింది. అందాక కూడా సగమే అందింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి, నిరంతర సమగ్ర మూల్యాంకనం తప్పనిసరి అయింది. తెలుగు వాచకాల్లోకి ‘అవగాహన–ప్రతిస్పందన’ అనే శీర్షిక, పరీక్షల్లోకి అపరిచిత గద్యం వచ్చాయి. మంచి మార్పులే. కానీ అపరిచిత గద్యం కింద వచ్చే ప్రశ్నలు ఎలా ఉంటున్నాయో చూడండి. ‘గుబ్బిడు డొంకలో చిలపను తుంపాడు’ అని నేనొక వాక్యం రాశాననుకోండి. గుబ్బిడు ఏం తుంపాడు? చిలపను. ఎక్కడ తుంపాడు? డొంకలో. రెండు మార్కులు. చిలప అంటే ఏమిటో నాకే తెలియదు. ప్రశ్నలో ఉన్న మాటను పేరాలో వెతికి, దాని పక్కనున్నది ఎత్తి రాస్తే సరిపోయే చోట అవగాహన పరీక్ష జరగనట్టే.

2005లో ప్రథమ్ సంస్థ మొదలుపెట్టిన అసర్ సర్వే మరో దారి పట్టింది. ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళి, పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, అక్షరాలు, మాటలు, 1వ తరగతి పేరా, 2వ తరగతి స్థాయి కథ ఉన్న కాగితం చదివించడం. ఇందులో రాతపరీక్ష భయం లేదు, కాపీ లేదు. దేశంలో గ్రామీణ 5వ తరగతి పిల్లల్లో 2వ తరగతి కథ చదవగలిగినవాళ్ళు 2018లో 50.5 శాతం, కరోనా మూతల తర్వాత 2022లో 42.8 శాతం. ఈ అంకెలు ప్రభుత్వాలను కదిలించాయి. అయినా ఆ ప్రధాన పట్టికలో లెక్కకు వచ్చేది చదవగలగడమే.

అదే 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫలితాల గ్రాంటు కొత్త రూపంలో తిరిగొచ్చింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 5 జిల్లాల్లో 300 సర్కారు ప్రాథమిక పాఠశాలలను తీసుకున్నారు. వాటిలో 200 బడుల్లో, పిల్లల మార్కులు పెరిగినదాన్ని బట్టి పంతుళ్ళకు బోనస్ ఇచ్చారు. రెండేళ్ళకు ఆ బడుల్లో తెలుగులోనూ లెక్కల్లోనూ మార్కులు పెరిగాయి. బట్టీతో రాయలేని ప్రశ్నల్లోనూ పెరిగాయి. రాబర్ట్ లో కాలంలో జరిగింది ఇక్కడెందుకు జరగలేదు? ప్రశ్నలు కేవలం పుస్తకాన్ని ఒప్పజెప్పించేవి కాకపోవడం, తప్పితే కోత కాక పెరిగితే బహుమతి కావడం కారణాలని నేననుకుంటాను. డబ్బును మాత్రమే తప్పుపట్టే నాలాంటివాళ్ళు ఈ ఫలితాన్ని దాటేసి పోకూడదు.

2021లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ పథకం నిపుణ్ భారత్ 3వ తరగతి ముగిసేసరికి నిమిషానికి 60 పదాలు, అదీ అర్థం చేసుకుంటూ, అనే లక్ష్యం పెట్టింది. తెలుగుకు ఈ లెక్క సూటిగా అతకదు. హిందీలో నాలుగైదు ముక్కలుగా విడివిడిగా రాసేదాన్ని మనం ‘చదవలేకపోతున్నాడని’ అంటూ ఒక్క మాటలో పోతపోస్తాం. పైగా వత్తులు, గుణింతాలు. 2022లో ఎన్.సి.ఇ.ఆర్.టి. 20 భాషల్లో 3వ తరగతి పిల్లలను పరీక్షించినప్పుడు ఒక్కో భాషకు విడిగా ప్రమాణం కట్టడం అందుకే సబబు. ఆ ఏడాదే తెలంగాణలో తొలిమెట్టు అనే ప్రాథమిక అక్షరాస్యతా కార్యక్రమం మొదలైంది.

ఇప్పుడు కాగితం మీద అన్నీ ఉన్నాయి: ధారాళత, అవగాహన, నెలనెలా పరిశీలన. లేనిది తీరిక. ఒక బిడ్డ చేత కథ చదివించి, ‘వాడు ఆ పని ఎందుకు చేశాడంటావు?’ అని అడిగి, తడబడుతూ చెప్పేది పూర్తిగా వినడానికి ఐదు నిమిషాలైనా కావాలి. ముప్పై మందికి రెండున్నర గంటలు. ఒకే పంతులమ్మ ఐదు తరగతులు చూసుకునే బడిలో, ఆ వివరాలన్నీ తిరిగి యాప్‌లోకి ఎక్కించాల్సిన రోజుల్లో, ఆ రెండున్నర గంటలను ఆమెకు టైంటేబుల్లోనే రాసి ఇవ్వాలి. యాప్ నింపే పని ఇంకెవరికైనా అప్పగించాలి.