వామనగుంటలకు దూరపు చుట్టాలు

పీటలో 2 వరసలు, వరసకు 7 గుంటలు, గుప్పెడు చింతగింజలు. వామనగుంటలకు సరంజామా ఇంతే. ఒక గుంటలోని గింజలన్నీ తీసి, ముందున్న గుంటల్లో ఒక్కొక్కటే రాలుస్తూ పోవాలి. నియమాలు చదివి నేర్చుకున్నవాళ్లెవరు? అమ్మమ్మ వేళ్ల కదలికే పాఠం.

ఇలాంటి గుంటల ఆటలు ఆఫ్రికాలోనూ ఉన్నాయి, ఊరు మారితే గుంటల లెక్కా మారుతుంది. తూర్పు ఆఫ్రికా ఆట బావోలో ఏకంగా 4 వరసలు, వరసకు 8. పశ్చిమ ఆఫ్రికా ఒవారేలో 2 వరసలే, వరసకు 6.

ఈ ఒవారే బానిస ఓడల్లో కరీబియన్ చేరింది. సంకెళ్లు పడ్డవాళ్లకు పీటలు మోసుకెళ్లే వీలేదీ? ఆట బుర్రలో ఉంది, చాలు. కరీబియన్ దీవి ఆంటిగ్వాలో దాని పేరు వారీ. అక్కడి గుంటల్లో పడేవి మన కంచెల్లో కాసే గచ్చకాయలే! మొత్తం 48, అందులో 25 చేజిక్కించుకున్నవాడిదే పందెం.