హార్మోనియము – ఆకురాయి

ఎఱ్ఱగుంట్ల ఎండల నెరిగినవారికి కొయ్యసామాను పాట్లు చెప్పనక్కరలేదు. వేసవి ముదురునప్పటికి తలుపుచెక్కలు ఎడమిచ్చును. వీణ బిరడలు వదులై జారును. వీణకు ఉన్నవి ఏడు తీగెలే గనుక, బిరడకు సుద్ద రాచి పని గడుపుకొందుము. పియానో సంగతి అట్టిది కాదు. దానికి దాదాపు 230 తీగెలు. ఒక్కొక్క తీగెను ఒక్కొక్క మేకునకు చుట్టి, ఆ మేకులన్నిటిని ఒక కొయ్యదిమ్మెలో బిగింతురు. దిమ్మె ఎండి రంధ్రములు సాగినచో మేకు నిలువదు. మేకు నిలువనిచో శ్రుతి నిలువదు. లావు మేకు దిగగొట్టవచ్చును. డబ్బు లేనివారు రంధ్రములో గట్టి కాగితము చుట్టి పాతమేకునే బిగింపవచ్చును. కాని రెండువందల పైచిలుకు మేకులకు ఆ సేవ చేయువారెవరు? మన సీమలో పియానో నాటకపు బండి ఎక్కకపోవుటకు ధర యొక్కటే కారణము కాదని నా యభిప్రాయము.

బండి ఎక్కినది హార్మోనియము. 1842లో పారిస్ నగరమున అలెగ్జాండర్ డెబెన్ ఈ వాద్యమునకు పేటెంటు పొందెను. 19వ శతాబ్ది చివర కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దానిని చేతితో తిత్తి ఆడించు చిన్న పెట్టెగా మలచెను. ఇందులో తీగెలు లేవు, మేకులు లేవు. ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క ఇత్తడి నాలుక, అదే రీడు. తిత్తిగాలికి అది ఊగి పలుకును.

1885లో కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావుగారి బృందము, తోలుబొమ్మలను ప్రక్కనుంచి, తామే వేషములు కట్టి ‘కీచకవధ’ ఆడినది. సురభి నాటకసమాజముల చరిత్రకు అది మొదలు. కాలక్రమమున తెలుగు పద్యనాటకమునకు హార్మోనియము లేనిదే తెర లేవని స్థితి వచ్చినది.

ఊరూర తిరుగు పెట్టెకు దుమ్ము, కుదుపు, ఎండ తప్పవు. అయినను దాని వైద్యము చౌక. తిత్తి మడతవద్ద చిరిగినచో పలుచని మేకతోలు ముక్క, జిగురు చాలును. తోలుబొమ్మలాడిన కుటుంబములకు తోలుపని ఒకరు నేర్పవలెనా? మూగవోయిన స్వరము తరచుగా దుమ్ముచేతనే మూగవోవును. నాలుకక్రింద పలుచని కాగితము జొనిపి లాగినచో మరల పలుకును. ఇక శ్రుతి తప్పినప్పుడు కావలసినది సన్నని ఆకురాయి. నాలుక కొనను కొంచెము అరగదీసినచో అది తేలికయై త్వరగా ఊగును, స్వరము హెచ్చును. మొదటివైపు అరగదీసినచో బిగువు తగ్గి స్వరము దిగును. చేయి తొందరపడినచో మాత్రము నాలుక పలుచనై విరుగును.

ఇట్టి వాద్యమును మన రేడియో వెలివేసినది. 1938లో ఢిల్లీ కేంద్రపు పాశ్చాత్య సంగీతశాఖను నడపిన జాన్ ఫౌల్డ్స్ దీనిని ఖండించుచు వ్రాసెను. మన గమకముల పక్షమున ఒక ఆంగ్లేయుడు వాదించుట విశేషమే! 1940లో నిషేధము వచ్చినది. ఆక్షేపణలు ముఖ్యముగా రెండు: హార్మోనియము గమకము పలుకదు, సప్తకమును 12 సమభాగములుగా కోయుటచే స్వరములు మన శ్రుతికి కుదురవు. మొదటి దానికి సమాధానము లేదు. రెండవదానికి ఆకురాయి కొంత సమాధానము చెప్పగలదు. సమభాగపు అంతర గాంధారము, తంబురాలో వినవచ్చు గాంధారముకంటె అర్ధస్వరములో సుమారు ఏడవ వంతు హెచ్చు. నాలుక మొదట నాలుగు రాపిళ్ళతో ఆ హెచ్చు తీరును.

అయితే ఇందొక చిక్కు కలదు. అట్లు దిద్దిన పెట్టె ఒక్క షడ్జమునకే కట్టుబడును. ద్రౌపది ఒక శ్రుతిలో, కీచకుడు వేరొక శ్రుతిలో పద్యము ఎత్తుకొను రంగస్థలమున అది చెల్లదు. ఒకరికి దిద్దిన గాంధారము మరియొకరికి అపస్వరమగును. కావున నాటకమువారు సమభాగములనే సహించిరి. ఆ పొరపాటును గాయకుని కంఠమే కప్పుకొనవలసివచ్చెను. పండితులు తప్పనిన దానిని వారు తెలియక కాదు, తెలిసియే భరించిరి.

1963లో కడపలో ఆకాశవాణి కేంద్రము వెలసినది. సురభి పుట్టిన జిల్లాలోని ఆ కేంద్రమునకు సైతము నిషేధము ఇంకను ఎనిమిదేండ్లు మిగిలియుండెను. 1971లో, కొన్ని షరతులతో, హార్మోనియము స్టూడియో గడప దాటి లోనికి వచ్చినది.