పళ్ళిలో నిద్రించిన రాజులు

ఈజిప్టులోని సక్కారాకు వెళ్ళి ఉనాస్ పిరమిడు ముందు నిలబడినవారికి మొదట నిరాశే కలుగుతుంది. కట్టిననాడు 43 మీటర్ల ఎత్తున్న ఆ కట్టడం ఈనాడు రాళ్ళదిబ్బలా కనిపిస్తుంది. ఉనాస్ క్రీ.పూ. 24వ శతాబ్దివాడు, ఐదవ రాజవంశంలో చివరివాడు. పిరమిడు తూర్పు ముఖాన్ని ఆనుకొని, చనిపోయిన రాజుకు నైవేద్యాలు జరిగిన ఆలయం శిథిలాలున్నాయి. అక్కడినుంచి దిగువనున్న మరో ఆలయం దాకా సుమారు 750 మీటర్ల రాతిదారి ఉంది. లోపలి గదుల గోడలమీద లిపి బారులు తీరి ఉంటుంది. పిరమిడు గోడలకెక్కిన పరలోక పాఠాలలో ఇవే మొట్టమొదటివి.

అయితే నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది లోపలి రాత కాదు, దక్షిణ ముఖం మీది రాత. ఉనాస్ తర్వాత సుమారు పదకొండు వందల ఏళ్ళకు రెండవ రామ్సెస్ కుమారుడు ఖేమ్‌వాసెత్ దాన్ని చెక్కించాడు. పిరమిడు మీద ఉనాస్ పేరు కనిపించలేదనీ, దాన్ని తిరిగి నిలిపాననీ అందులోని సారాంశం. అంతటి రాజు పేరు కూడా, చదవగలిగినవాడు ఒకడు పూనుకుంటే తప్ప నిలవలేదన్నమాట.

దహన సంప్రదాయం బలంగా ఉన్న మన దేశంలో రాజుల సమాధి ఆలయాలు ఉండవని సాధారణంగా అనుకుంటాం. కాని దక్షిణాదిన అవి ఉన్నాయి. తెలుగునేల మీదా ఉన్నాయి. పల్లవ అపరాజితుణ్ణి ఓడించి తొండైమండలాన్ని గెలిచిన మొదటి ఆదిత్య చోళుడు సుమారు క్రీ.శ. 907లో శ్రీకాళహస్తి దగ్గరి తొండమనాడులో మరణించాడు. కొడుకు మొదటి పరాంతకుడు అక్కడ తండ్రి అవశేషాల మీద శివాలయం కట్టించాడు. దానికి ఆదిత్యేశ్వరమనీ, కోదండరామేశ్వరమనీ రెండు పేర్లు. కోదండరాముడనేది ఆదిత్యుని బిరుదు. ఈనాడు ఆ పేరు వింటే ఎవరికైనా శ్రీరాముడే తోస్తాడు. ఈజిప్టులో రాజు పేరు రాతి మీదినుంచి చెరిగిపోయింది. ఇక్కడ పేరు నిలిచే ఉంది, దాని వెనకనున్న రాజే మరుగున పడ్డాడు.

చిత్తూరు సరిహద్దుకు అవతల, పొన్నై ఏటి ఒడ్డున ఉన్న మేల్పాడిలో ఇంకో గుడి ఉంది. రాజరాజ చోళుడు తన తాత అరింజయుని కోసం కట్టించాడు. అక్కడి శాసనం అరింజయుణ్ణి 'ఆర్రూరు తుంజిన దేవర్' అంటుంది, గుడిని 'పళ్ళిప్పడై' అంటుంది. తుంజు అంటే నిద్రించు. ఆర్రూరులో చనిపోయాడని అనకుండా నిద్రించాడని చెప్పడం, మనం 'కన్నుమూశాడు' అనడంలాంటిదే.

పళ్ళి అనే మాట మరింత ఆసక్తికరమైంది. తమిళంలో దానికి నిద్రించే చోటు, ఆలయం, ఊరు అనే అర్థాలున్నాయి. తెలుగు పల్లె, పల్లి, కన్నడ హళ్ళి దీని తోబుట్టువులే. ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వీటన్నిటినీ ఒకే పద్దు కింద చేర్చింది. మేము బాగేపల్లి అనీ, పక్క ఊరిని ఏదో ఒక హళ్ళి అనీ రోజూ పలికే మాటే మేల్పాడిలో రాజు చివరి పడకకు పేరైంది.

చోళులు మాకు దూరపువాళ్ళేమీ కారు. 11వ శతాబ్దిలో కోలారు సీమ 'నికరిలి చోళమండలం' అనే పేరుతో వారి ఏలుబడిలో ఉండేది. అయితే మా హొసూరు వైపు చచ్చినవారి గుర్తులు గుళ్ళు కావు, వీరగల్లులు. ఊరి ఆవులను మళ్ళించబోయి పడిపోయినవాడు, యుద్ధంలో కూలినవాడు రాతిమీద ఆయుధం పట్టి నిలబడి ఉంటాడు. రాజు పేరు కొన్ని తరాలైనా గుడిపేరులో దాగి బతుకుతుంది. వీరుని పేరుకు ఆ రాయి తప్ప వేరే ఆధారం లేదు.

చిన్నప్పుడు మా చెరువుకట్ట కింద అటువంటి రాయిమీద ఆడవాళ్ళు బట్టలుతికేవారు. చదువు ముగించుకొని, దానిమీది నాలుగు పంక్తులు రాసుకుందామని వెళితే రాయి లేదు. కట్ట మరమ్మతులో తూముకింద పోయిందన్నారు. ఆ పంక్తులు తెలుగో కన్నడమో కూడా నేనిక చెప్పలేను. ఇది ఇతరుల తప్పని అనను. అంతకుముందు పదేళ్ళపాటు సెలవులకు వస్తూ పోతూ దాన్ని చూసినవాణ్ణి నేనే.

కోలారు జిల్లా శాసనాలను బి.ఎల్. రైస్ 1905లో ఎపిగ్రాఫియా కర్ణాటికా పదవ సంపుటంగా ప్రకటించాడు. నాటి చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల శాసనాలు అందులో ఉన్నాయి. ఈ ప్రాంతం నుంచి వచ్చిన మన విద్యార్థులు తమ ఊరి పుటలు వెంటబెట్టుకొని ఒక సెలవులో కట్టలూ పొలిమేరలూ తిరిగి, ఏ రాయి ఉన్నదీ, ఏది లేనిదీ, సంపుటానికి ఎక్కనిది ఏదీ రాసుకొని రావాలి. ఖేమ్‌వాసెత్ చేసింది ఇంతకన్న పెద్ద పనేమీ కాదు. కనిపించని పేరును కనిపించలేదని ఒప్పుకున్నాడు, మళ్ళీ రాయించాడు.